మేకుకు వేలాడిన కప్పు

ఆయన చనిపోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చెప్పింది.

కోరుట్లలో మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్లుండి నేనూ మా ఆవిడా జగిత్యాలకు తిరిగొస్తున్నాం. ఆటో మా గల్లీ మలుపు తిరిగేసరికి కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ముఖం కనిపించింది. తెల్ల చొక్కా, చుట్టూ గులాబీ రేకులు, వెనక మబ్బులు. అశ్రునివాళి అని పెద్ద అక్షరాలు. కింద నివాళి అర్పించేవాళ్ల ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి ఇరికించి ఉన్నాయి. వాళ్లలో సగం మందిని ఆయన ఇంటి గేటు దగ్గర నేనెన్నడూ చూడలేదు. మా ఇల్లు ఆ గేటుకు ఎదురుగానే ఉంది కాబట్టి, వస్తే నా కంట పడకుండా పోయేవాళ్లు కాదు. కోరుట్ల ఏమంత దూరం కాదు. నా నంబరు వాళ్ల దగ్గర ఉంది. ఒక్కరు ఫోన్ చెయ్యలేదు. చనిపోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దంటారు. సరే, నేను బతికున్నవాళ్ల మీదే పెట్టుకున్నాను.

ఫ్లెక్సీలో ఉన్నది ఆయన కాదు. రంగు తెల్లగా తేల్చారు. ముక్కు పక్కన పులిపిరి చెరిపేశారు. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆయన మన కళ్లలోకి చూస్తున్నాడు. ఆయన ఎవరి కళ్లలోకీ చూసే మనిషి కాదు. మాట్లాడుతున్నంత సేపూ చూపు కెటిల్ మూతి మీద ఉండేది. ఆయన్ని ఆయనలా చూడాలంటే వరండాలో బల్ల ముందు నిలబెట్టాలి. లుంగీ కొంచెం పైకి కట్టాలి. ముందు ఒక గాజు పాత్ర పెట్టాలి. పైన గరాటు, కింద కూజా, రెండూ ఒకే గాజులో పోసినట్టు కలిసిపోయి, నడుము దగ్గర చెక్క పట్టీ, దానికో తోలు ముడి. కొంగ మెడలాంటి సన్నటి మూతి ఉన్న కెటిల్ చేతికివ్వాలి. అప్పుడు ఆయన ఆయనవుతాడు.

ఆయనది బీర్పూర్ దిక్కు దొరల కుటుంబం. సిరిసిల్లలో మరమగ్గాలకు పోయే నూలుకు గంజి పట్టించే కార్ఖానా చాలా ఏళ్లు నడిపి, అది అమ్మేసి, జగిత్యాలలో మా ఎదుట ఇల్లు కట్టుకున్నాడు. భార్య అప్పటికే లేదు. కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఇంట్లో ఆయన, బాగా ముసలిదైన తల్లి, వంటకు వచ్చే ఒక ఆడమనిషి. గల్లీలో అందరూ ఆయన్ని 'దొరా' అని పిలిచేవాళ్లు. నేను పిలవలేదు. సిరిసిల్లలో వ్యాపారం చేశాడు కాబట్టి 'సేటూ' అన్నాను. ఆ పిలుపు ఆయనకు నచ్చదని తెలుసు. అందుకే అన్నాను.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను కోరుట్లలో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాయన పెగడపల్లి దిక్కు ఒక దొర దగ్గర పాలేరుగా జీతముండేవాడు. పశువుల కొట్టం చూరులో మా నాయన చాయ గ్లాసు ఉండేది. చాయ పోసే వేళకు గ్లాసు తనే తీసుకోవాలి, తాగాక తనే కడగాలి, మళ్లీ అదే చూరులో దోపాలి. పోసేవాళ్లు గిన్నె అంచు గ్లాసుకు తగలకుండా పైనుంచి సన్నటి ధారగా పోసేవాళ్లు. ఒక్క చుక్క చిందేది కాదు. తరాల సాధన. ఆ దొరకూ ఈయనకూ చుట్టరికం లేదని ఈయన నాతో చెప్పాడు. నేను నమ్మలేదు.

మా పరిచయం మోరీతో మొదలైంది. వాళ్ల పెరటి మురికి నీళ్లు గల్లీ దాటి నా గేటు ముందు నిలిచేవి. నేను మున్సిపాలిటీలో అర్జీ పెట్టాను. మర్నాడే వాళ్ల వంటమనిషి వచ్చింది.

"సారూ, దొర రమ్మంటున్నడు."

"దొర పిలువంగనె ఉరికచ్చెటందుకు గడి ఏం లేదమ్మా ఈడ. పనున్నోళ్లే రావాలెనని జెప్పు."

వస్తాడనుకోలేదు. పొద్దున్నే వచ్చాడు. చెప్పులు గేటు దగ్గర విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చిస్తే గటగట తాగాడు. "మీరు రారట గదా, నేనే అచ్చిన. నడువుండ్రి సారు, కాఫీ తాగుకుంట మాట్లాడుదం" అన్నాడు. ఆయన ముందు నడిచాక నేను మా ఆవిడతో మెల్లగా అన్నాను, చూశావా, మన ఇంట్లో నీళ్లు తాగానని చూపించడానికే తాగాడని.

"తాగకుంటె లొల్లి, తాగితె లొల్లి" అంది మా ఆవిడ. "గా మనిషి ఎట్ల తాగాల్నో నువ్వే జెప్పరాదు?"

వరండాలో బల్ల మీద ఆ గాజు పాత్ర చూడగానే నాకు అనుమానం వచ్చింది. స్కూల్లో ప్రయోగాలకు వాడే కుప్పెలా ఉంది. పక్కన బంగారం దుకాణంలో ఉండేలాంటి చిన్న కాటా. ఆయన కాఫీ గింజలు తూకం వేసి చేతి మరలో రవ్వగా విసిరాడు. ఒక కాగితాన్ని గుడి గోపురంలా మడిచి గరాటులో పెట్టి, దాని మీద వేడి నీళ్లు పోశాడు. ఆ నీళ్లు కూజాలోకి దిగగానే, మూతి వంచి వరండా గోడ మీంచి బయటికి పారబోశాడు. మనిషిని ఇంటికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, దిష్టి తీసినట్టు మొదటి నీళ్లు పారబోయడం నేనెక్కడా చూడలేదు. పైగా అవి ఏ మోరీలోకి పోతాయో నాకు తెలుసు.

"గదేంది సేటూ?"

"కాగితం వాసన వోవాలె సారు. కడగకుంటె కాఫీ పుస్తకం నమిలినట్టు ఉంటది."

వడపోత కాగితం సంగతి నాకు చెప్తున్నాడు. ముప్ఫై ఏళ్లు వడపోశాను నేను.

తర్వాత కాఫీ రవ్వ పోసి, అది తడిసేంత నీళ్లు మాత్రమే పోసి ఆపేశాడు. రవ్వ పొంగింది, బుడగలొచ్చాయి. నేను ఏదో అనబోతే చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. ఊపిరి తీసుకుంటంది" అన్నాడు. మనిషిని మాట్లాడనివ్వకుండా కాఫీకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాడన్నమాట. తర్వాత కెటిల్ ఎత్తి సన్నటి ధార గుండ్రంగా తిప్పుతూ పోశాడు. పైనుంచి, అంచు తగలకుండా. నేను ఆ ధారను ఎరుగుదును.

"తొందరవెడితె పులుస్తది. మస్తుసేపు నానవెడితె చేదైతది" అన్నాడు ధార మీంచి చూపు తిప్పకుండా. ఈ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. మున్సిపాలిటీ గురించి మాట్లాడినా, ఎవరి పెళ్లి సంబంధం గురించి మాట్లాడినా చివరికి ఆయన అక్కడికే వచ్చేవాడు.

వరండాలోనే ఉన్న గాజు బీరువాలోంచి తనకో తెల్ల పింగాణీ కప్పు తీసుకున్నాడు. నాకు మాత్రం కిటికీ పక్కన మేకుకు వేలాడుతున్న గోధుమరంగు మట్టికప్పు తీసి అందులో పోశాడు. పాలు లేవు, చక్కెర లేదు.

"పాలు?"

"పాలు వోస్తె పాడు జేసినట్టె."

"చక్కెర?"

"చెరుకు పండిచ్చిన ఇల్లు మాది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి బండ్లకు బండ్లు తోలినం. చక్కెరకు కరువుండి గాదు సారు."

"మా ఊర్లె పాలు లేని డికాషన్ జీతగాళ్లకు పోసేటోళ్లు."

ఆయన చెయ్యి ఆగింది. "నేను గూడ గదే తాగుతున్న గదా."

"మీరు సోకుకు తాగుతున్నరు."

ఆయన నవ్వాడు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం అదిరేవి. నేను నవ్వలేదు. కాఫీ మాత్రం బాగుంది. అది ఆయనకు చెప్పలేదు.

మోరీ గురించి ఆ రోజు మాటే రాలేదు. రెండో రోజుకల్లా మేస్త్రీని పిలిపించి మోరీని తన గోడ వెంబడే తిప్పించుకున్నాడు. నా అర్జీ మున్సిపాలిటీలో దిక్కులేకుండా మిగిలిపోయింది. ఎవరైనా పని చెయ్యకపోతే పోరాడవచ్చు. చేసేస్తే ఏం చెయ్యాలి?

ఆ తర్వాత పిలిచినప్పుడల్లా వెళ్లాను. కాఫీ కోసం కాదు. ఆ మట్టికప్పు కోసం. మొదటి రోజు అది చేతికి అందింది కాబట్టి ఇచ్చాడేమో అనుకున్నాను. రెండోసారీ అదే. తర్వాతా అదే. బీరువాలో తెల్ల కప్పులు వరుసగా ఉన్నాయి. ఇన్సూరెన్సు మనిషి వస్తే తెల్ల కప్పు. కరెంటు బిల్లు కొట్టే కుర్రాడికీ తెల్ల కప్పే. నేను తాగాక మట్టికప్పును వరండా కుళాయి కింద ఆయనే కడిగి మళ్లీ మేకుకు తగిలించేవాడు. తెల్లవి లోపల కడిగాక బీరువాలోకి పోయేవి. చూరు పోయి మేకు వచ్చిందా? కడిగే చెయ్యి మాత్రమే మారిందా? ఆ ఒక్క సంగతి తేల్చుకోవాలనే వెళ్లాను. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి అనేది, "కాఫీ తాగవోతున్నవా, కావలి గాయవోతున్నవా?"

ఆయన మీద నవ్వు వచ్చిన రోజులు కూడా ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం. ఒకసారి కొరియర్‌లో రావలసిన కాగితాలు రాలేదు. ఆయనకు కాఫీ లేకుండా గడవదు. సిరిసిల్ల నుంచి తెచ్చిపెట్టుకున్న, ఇంకా నీళ్లు తగలని కోరా గుడ్డ తాను ఉంది ఇంట్లో. దాన్ని కత్తిరించి, మడిచి, గరాటులో వేశాడు. గుడ్డ మీద ఎంతో నమ్మకం. "సిరిసిల్ల గుడ్డ సారు. కాగితం ఏ మూలకు?" అన్నాడు. కూజాలోకి దిగింది కాఫీ కాదు, పేడ నీళ్లలా మడ్డిగా ఉంది. నోట్లో పెట్టుకుంటే ఉతికి ఆరేసిన పంచె వాసన. నేను కప్పు దించాను.

"గంజి" అన్నాను.

"గంజేంది?"

"జిందగీ అంత నూలుకు గంజి వెట్టినోడివి, కోరా గుడ్డల గంజి ఉంటదని మర్సినవా సేటూ?"

ఆయన ఒక గుక్క తాగాడు. ముఖం ఒకలా పెట్టాడు. తర్వాత భుజాలు అదరడం మొదలై ఎంతకీ ఆగలేదు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, "నా గంజి నాకే తాగవెట్టిండు దేవుడు" అన్నాడు. ఆ రోజు నేనూ నవ్వాను. కానీ ఆ గంజి కాఫీ కూడా నాకు మట్టికప్పులోనే పోశాడని నవ్వుతూనే గమనించాను.

లోపలి గదిలో మంచంలో ఉండే తల్లిని నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. కప్పుల చప్పుడు కాగానే గొంతు వచ్చేది.

"ఎవలచ్చిన్రు రా?"

"ఎదురింటి సారు అమ్మా. కోరుట్ల సారు."

"మనోళ్లేనా?"

ఆయన కెటిల్ స్విచ్ వేసేవాడు. నీళ్ల మరుగులో ఆ ప్రశ్న కొట్టుకుపోతుందనుకునేవాడేమో. నాకు నీళ్ల మరుగులో కూడా బాగా వినిపిస్తుంది.

ఒక రోజు తల్లి పిలిచిందని ఆయన లోపలికి వెళ్లాడు. నేను లేచి బీరువా తెరిచి, రెండు తెల్ల కప్పులు తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఆయన కెటిల్‌తో తిరిగొచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. ఆవిరి ఆయన ముఖం ముందు నుంచి పోతోంది. ఆ ఆగడం నేను మరచిపోలేదు. తర్వాత ఏమీ జరగనట్టే వచ్చి, కాగితం మడిచి, నీళ్లు పారబోసి, ఊపిరి తీసుకోనిచ్చి, గుండ్రంగా పోసి, రెండు తెల్ల కప్పుల్లోనూ కాఫీ నింపాడు. తాగాం. కుళాయి దగ్గర రెండూ కడిగాడు. తనది బీరువాలో పెట్టాడు. నాది వరండా గోడ మీద బోర్లించాడు.

అప్పుడు అడిగాను.

"సేటూ, గా మేకుకున్న కప్పు నాకేనా? ఇంకెవలకన్న పోస్తరా అండ్ల?"

"మీకే."

"ఎందుకు?"

"నిజం జెప్పాల్నా?"

"అబద్ధమైతె నేనే అనుకుంట. నిజమే జెప్పుండ్రి."

ఆయన గోడ మీది కప్పు వైపు చూశాడు. "అమ్మ ఉన్నది. మీదేం కులమో ఎవలో జెప్పిన్రు ఆమెకు. మీరు తాగిన కప్పు లోపలి కప్పులల్ల కలుస్తె ఆమె అన్నం ముట్టది. తొంబై ఏండ్ల మనిషితోని నేనేం కొట్లాడుదు సారు?"

"ఆమెతోని కొట్లాట మీకొద్దు. గందుకని కప్పు నాకు."

ఆయన కారని కుళాయిని ఇంకోసారి బిగించాడు.

నేను చూసినంతలో ప్రతి దొర ఇంట్లో ఒక ముసలి తల్లి ఉంటుంది. కులమంతా ఆ తల్లుల దగ్గరే ఉంటుంది. కొడుకులందరూ మంచివాళ్లే.

"మీ అమ్మ ఉన్నన్ని దినాలు నేను రాను" అన్నాను. "ఆమె పోవాలని గాదు. నిండ నూరేండ్లు ఉండాలె. నేనే రాను."

వెళ్లలేదు. ఎదురుగా వరండాలో ఆయన ఒక్కడే నిలబడి పోసుకోవడం మా గేటులోంచి కనిపించేది. వాసనకు గేటు అడ్డం కాదు, పొద్దున పేపరు చదువుతుంటే సరిగ్గా సంపాదకీయం దగ్గరికి వచ్చేసరికి వచ్చేది. ముక్కు తిప్పుకునేవాణ్ని. "వాసన మీద గూడ అర్జీ వెట్టరాదు?" అనేది మా ఆవిడ. గల్లీలో ఎదురుపడితే "మంచిదేనా సారు" అనేవాడు ఆయన. "మంచిదే" అనేవాణ్ని. ఆయన లోపలికి రమ్మనలేదు. నేను వస్తాననలేదు. నానబెడితే చేదవుతుందని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా ఊరుకున్నాడు.

ఒక ఎండాకాలం తల్లి పోయింది. గల్లీ అందరితోపాటు వెళ్లి గేటు బయట నిలబడి వచ్చాను. కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక, ఒక పొద్దున ఆయన మా గేటు దగ్గరికి వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి.

"ఇగ రాండ్రి సారు" అన్నాడు.

వెళ్లాను. తల్లి లేదు. వంకా లేదు. బల్ల ముందు అదే కుర్చీలో కూర్చున్నాను. ఆయన గింజలు తూచాడు, విసిరాడు, కాగితం కడిగాడు. ధార చెదరలేదు. కాఫీ కూజాలో నిండింది. నేను ఆయన చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి బీరువా వైపు పోవాలి. అది కిటికీ పక్కకు పోయి, మేకు మీది మట్టికప్పును పట్టుకుంది.

పట్టుకున్నాక ఆయనకు తెలిసింది. నా దగ్గర జవాబులు చాలా సిద్ధంగా ఉన్నాయి. అలవాటు అంటే ఒకటి. మరచిపోయానంటే ఒకటి. కప్పు మంచిదని, వేడి నిలుస్తుందని అంటే మరొకటి. ఏది అన్నా వదిలేవాణ్ని కాదు.

ఆయన కప్పు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"గిన్ని దినాలు అమ్మ మీద వెట్టిన" అన్నాడు. "అమ్మ వోయింది. చెయ్యి మాత్రం మేకు కాడికే వోయింది. అమ్మ గాదు సారు, నేనే."

నేను తెచ్చుకున్న జవాబుల్లో ఒక్కటీ దీనికి పనికిరాలేదు. దొరల ఇళ్ల ముందు నిలబడిన మా నాయనకు గానీ, వాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు గానీ ఈ మాట ఎవరూ చెప్పలేదు. చెప్పినందుకు సంతోషించాలా? ఎందుకు సంతోషించాలి? దొంగ దొరికిపోయి నేనే దొంగనని ఒప్పుకుంటే పోయిన సొమ్ము ఇంటికొస్తుందా? పైగా ఆ వరండాలో మేమిద్దరమే ఉన్నాం. మూడో మనిషి వినలేదు.

"నా ఒక్కనికి జెప్పితె ఏమస్తది?" అన్నాను. "మీవోళ్లు పదిమంది ఉన్ననాడు పొయ్యుండ్రి. అందరికి పోసిన కప్పులనే. అప్పుడు జూస్త."

"సరె" అన్నాడు. లేచి బీరువాలోంచి తెల్ల కప్పు తీసి పోసి ఇచ్చాడు. తాగాను. అది లెక్కలోకి రాదని చెప్పే తాగాను. మట్టికప్పును ఆయన పారెయ్యలేదు. గింజలు కొలిచే పాత్ర చేసుకున్నాడు. అది మేలే. నా ఎదుట పగలగొట్టి ఉంటే నాటకమనేవాణ్ని.

ఆ పదిమంది, తల్లి సంవత్సరీకం పెట్టిన రోజున వచ్చారు. బీర్పూర్ నుంచి, సిరిసిల్ల నుంచి కార్లు వచ్చి గల్లీ నిండా ఆగాయి. ఒక కారు నా గేటుకు అడ్డంగా పెట్టారు, అది వేరే సంగతి. భోజనాలయ్యాక ఆయన గల్లీ దాటి వచ్చి పిలిచాడు. ఈ రోజు పిలవడని మా ఆవిడతో పొద్దున్నే చెప్పి ఉన్నాను. పిలిచాడు కాబట్టి మరింత అనుమానంతో వెళ్లాను. మా ఆవిడ ఇస్త్రీ చొక్కా తెచ్చి ఇచ్చింది.

వరండా నిండా కుర్చీలు. ఆయన బల్ల ముందు నిలబడి కూజా తర్వాత కూజా దించుతున్నాడు. తెల్ల కప్పులు చాలక కొత్తవి కొన్నట్టున్నాడు, అన్నీ ఒకే రకం. మొదటి కప్పు నా చేతికిచ్చాడు. అందరూ చూశారు. పక్క కుర్చీలో ఆయన బాబాయి కొడుకు, సిరిసిల్లలో బట్టల వ్యాపారం, నా వైపు తిరిగాడు.

"ఈ సారు ఎవలన్నా?"

"నా దోస్తు. ఎదురిల్లు" అన్నాడు ఆయన, కెటిల్ మీంచి చూపు తియ్యకుండా.

"ఇంటిపేరేంది సారు? ఏ ఊరు మీది?"

ఇంటిపేరు ఎందుకడుగుతారో నాకు తెలియనిదా? ఇంటిపేరు చెప్పాను. ఊరు చెప్పాను. తర్వాత అడగబోయే నాలుగు ప్రశ్నల శ్రమ అతనికి ఎందుకని, "మా నాయన పెగడపల్లి దిక్కు దొరకాడ జీతముండె" అని అది కూడా నేనే చెప్పాను. అతను "అట్లనా" అన్నాడు. అప్పుడే చేతికొచ్చిన కప్పును మెల్లగా కుర్చీ కింద పెట్టాడు.

"నాకు కాఫీ పడదన్నా. చాయ ఉంటె జూడు."

పొద్దున టిఫిన్ల దగ్గర అతను ఇదే కాఫీ అడిగి తాగడం గేటులోంచి నేను చూశాను. ఆయనకూ తెలుసు. కూజాలోకి ధార పడుతూనే ఉంది. అది పూర్తిచేసి, కెటిల్ దించి అన్నాడు.

"చాయ గావాల్నంటె బస్టాండు కాడ దొరుకుతది తమ్మీ. ఈ ఇంట్ల ఇదే."

వెనక కుర్చీలో ఎవరో ముసలాయన దగ్గాడు. తమ్ముడు నవ్వబోయి మానేశాడు. అతని కప్పు కింద అలాగే చల్లారింది. అందరూ లేచాక ఆయన ఆ కప్పు తీసి, మందారం చెట్టు మొదట్లో పారబోసి, "మంచి కాఫీ, పాపం" అన్నాడు.

ఆ బస్టాండు మాట నా కోసం అన్నాడా, తన కాఫీని కాదన్నందుకు అన్నాడా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. కాఫీ విషయంలో ఆయనకు పొగరెక్కువ. అడిగితే నిజమే చెప్పేవాడు. అందుకే అడగలేదు. ఆ రోజు నుంచి రోజూ వెళ్లాను. రోజూ ఏదో ఒక దాని మీద తగువు పడ్డాం. నేను ఆయన్ని క్షమించలేదు. ఆయన క్షమించమని అడగలేదు. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు.

ఫ్లెక్సీ చూసిన రోజు ఇంట్లో సంచీ పెట్టి నేరుగా ఎదురింటికి వెళ్లాను. వరండాలో బల్ల తీసేసి కుర్చీలు వేశారు. ఆ తమ్ముడే పెద్దరికం చేస్తున్నాడు.

"నాకెవలు జెప్పలె" అన్నాను ముందుగా.

"హడావిడిల మర్సినం సారు" అన్నాడు. నన్ను కూర్చోమని ఫ్లాస్కులోంచి చాయ వంచి ఇచ్చాడు. కాగితం కప్పులో. అందరి చేతుల్లోనూ కాగితం కప్పులే. చాయ హోటళ్లలోకి ఇవి వచ్చాక కులాన్ని బట్టి రెండు గ్లాసుల పద్ధతి పోయిందని సంబరపడ్డవాళ్లను చూశాను. నేను పడలేదు. తాగి పారేసేదానికి ఎవరు కడగాలి, ఎక్కడ పెట్టాలి అన్న మాటే రాదు. మాట రాకపోవడం వేరు, తేలిపోవడం వేరు.

"కప్పుల పొయ్యి" అన్నాను.

"ఏంది సారు?"

"ఈ ఇంట్ల కప్పులున్నయి. అండ్ల పోస్తెనే తాగుత."

"సచ్చిన ఇంట్ల గూడ పంచాదేనా సారు?" అన్నాడు తమ్ముడు. పక్కనున్నాయన, "పెద్దమనిషి, పోనియ్యి" అన్నాడు. నేను చెయ్యి చాపలేదు. కాగితం కప్పు అతని చేతిలోనే ఉండిపోయింది.

లోపలి నుంచి ఆయన కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. నన్ను చూసి, "కోరుట్ల సారు గదా" అంది. "నాన్న ఫోన్ల జెప్పేటోడు. ఇయ్యాల సారు మల్ల పంచాది వెట్టిండు, మంచిగనిపిచ్చింది అని." తర్వాత వంటింటి వైపు చూపించింది. "కప్పులు లోపల సర్దినం సారు. ఏది గావాల్నో మీరే తీసుకోండ్రి."

ఆ ఇంట్లో వరండా దాటి నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. పెట్టాను. చావు ఇల్లు కాబట్టి పొయ్యి వెలిగించలేదు. అలమరలో కప్పులన్నీ ఉన్నాయి. ఏదీ ఎంచలేదు, చేతికందింది తీసుకున్నాను. తమ్ముడు ఫ్లాస్కు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి పోశాడు. అక్కడే నిలబడి తాగాను. అతను చూస్తూ నిలబడ్డాడు.

"ఇప్పుడు ఖుషీయేనా సారు?" అన్నాడు.

"ఎక్కడి ఖుషీ?" అన్నాను. "చల్లారిపోయింది. చక్కెర గుమ్మరిచ్చిన్రు. మీ అన్న ఉంటె గిసొంటిది నా ముందట వెట్టకపోతుండె."